ముహూర్తం చీర పరిచాక లేవకూడదు

మా అమ్మ మా అక్క మెడను తోమినంతగా ఇంట్లో ఏ గిన్నెనూ తోమలేదు. హిందూపురంలో మా ఇంటి వెనక బండ మీద ఆదివారం ఆదివారం అక్కను కూర్చోబెట్టి ఒకసారి సున్నిపిండి, ఒకసారి నిమ్మచెక్క, ఏదీ పనిచేయకపోతే కొబ్బరిపీచు పెట్టి రుద్దేది. మెడ చుట్టూ ఉన్న నలుపు పోయేది కాదు. చర్మం ఎర్రగా కంది, నాలుగు రోజులకు మళ్ళీ అంతే నల్లగా అయ్యేది. "మురికిమే, సరిగ్గా నీళ్ళు పోసుకోదు ఇది" అని అమ్మ తీర్పు. అది మురికి కాదు. ఒంట్లో ఇన్సులిన్ చేయాల్సిన పని చేయడం లేదని చర్మం మీద కనబడే గుర్తు. ఆ సంగతి తెలిసినవాళ్ళు మా వీధిలో ఒక్కరూ లేరు. అర్థం కానిది ఏదైనా కనబడితే ఆడపిల్లను కూర్చోబెట్టి తోమడం ఒక్కటే వాళ్ళకు తెలిసిన వైద్యం.

అక్కకు పద్దెనిమిదేళ్ళప్పుడు నాలుగు నెలలు బయటచేరలేదు. అప్పుడు గానీ డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోలేదు. ఆమె స్కాన్ తీయించి, అండాశయాల్లో నీటిబుడగలు ఉన్నాయి, దీన్ని పీసీఓఎస్ అంటారు అని చెప్పింది. మా అమ్మ అడిగింది ఒకే ఒక్క ప్రశ్న.

"పిల్లోళ్ళు పుడతారా?"

పుడతారు, మాత్రలు వాడాలి అంది డాక్టరమ్మ. బరువు, చక్కెర, బీపీ అని ఇంకా ఏదో చెప్పబోయింది కూడా. అమ్మ అప్పటికే కొంగు సర్దుకుని లేచి నిలబడింది. బయట నాయన బండి స్టార్ట్ చేసి ఉన్నాడు, కిరాణా అంగడి తెరిచే వేళ దాటిపోతోందని. ఆ రోజు నుంచి మా ఇంట్లో అది పెళ్ళికి సంబంధించిన జబ్బు అయిపోయింది. పెళ్ళికి ముందు దాచిపెట్టాలి, పెళ్ళయ్యాక బిడ్డను కని పోగొట్టుకోవాలి. అంతకు మించి దానికి ఇంకో పని ఉంటుందని ఎవరికీ తోచలేదు.

మూడేళ్ళ తర్వాత నాకూ అదేనని తేలింది. అమ్మ నెత్తి కొట్టుకుంది. అక్క జబ్బు సంగతి దాచి ధర్మవరంలో పట్టుచీరల అంగడి ఉన్నవాళ్ళకు ఇచ్చారు. నా వంతు వచ్చినప్పుడు మాత్రం, చూడడానికి వచ్చినవాళ్ళ ముందు నేనే నోరు తెరిచి చెప్పేశాను. వాళ్ళు కాఫీ సగంలో వదిలేసి పోయారు. అమ్మ ఆరు నెలలు నాతో ముఖం ఇచ్చి మాట్లాడలేదు. నాకు మాత్రం గర్వంగా ఉండేది. వీళ్ళంతా దాచే మనుషులు, నేను నిజం చెప్పే మనిషిని అనుకున్నాను. ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు చేసి, పెనుకొండలో ఒక చిన్న ల్యాబ్‌లో రక్తం తీసే పనికి చేరి, ఒక్కదాన్నే ఉండిపోయాను.

అక్క అత్తగారి అంగడిలో ఒక పద్ధతి ఉంది. పెళ్ళివాళ్ళు ముహూర్తం చీర కొనడానికి వస్తే గుమాస్తాలు చూపించకూడదు. ఇంటి ముత్తైదువ, అందులోనూ బిడ్డల తల్లి, పరుపు మీద కూర్చుని మొదటి చీర పరచాలి. ఒకసారి పరిచాక, వాళ్ళు చీర ఎంచుకుని, దానికి కుంకుమ పెట్టేదాకా ఆమె లేవకూడదు. మధ్యలో లేస్తే పెళ్ళికూతురికి మంచిది కాదట. ఎవరు పెట్టారో, ఎప్పుడు పెట్టారో తెలియదు. అక్క అత్త మాత్రం ప్రాణం పోయినా తప్పేది కాదు. ఆ అంగడికి పేరొచ్చింది కూడా ఆ పద్ధతి వల్లేనని ఆవిడ నమ్మకం.

అక్కకు పెళ్ళయ్యాక నాలుగేళ్ళు పిల్లలు లేరు. ఆ నాలుగేళ్ళూ పెళ్ళివాళ్ళు గడప తొక్కగానే అత్త తల తిప్పకుండా అనేది, "నువ్వు లోపలికి పోమ్మా." అక్క లేచి లోపలికి పోయేది. వంటింట్లో నిలబడి బయట చీరలు విప్పుతున్న చప్పుడు వింటూ ఉండేదట. ఇంకో పక్క అత్త పుట్టబోయే మనవడికి పేరు కూడా ఖాయం చేసి పెట్టింది. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అని మా అవ్వ ఆ ఇంటి గురించి నవ్వేది. నాకు నవ్వు రాలేదు. ఒళ్ళు మండేది.

ఐదో ఏట ఆడపిల్ల పుట్టింది. నెలలు నిండుతుండగా అక్కకు బీపీ పెరిగి, చేతులూ కాళ్ళూ ఉబ్బి, ప్రాణం మీదికి వచ్చినంత పనైంది. బిడ్డ కడుపులోంచి బయటపడగానే అవన్నీ గాలికి పోయాయి. కడుపు పండింది, ఇంకేమి రోగం అని అత్త మాత్రల డబ్బా తీసి అవతల పారేసింది. మా అమ్మా తలూపింది. మూడో నెలలో అక్కను తీసుకొచ్చి పరుపు మీద కూర్చోబెట్టారు, ముహూర్తం చీర చూపించడానికి. ఆ సాయంత్రం అక్క నాకు ఫోన్ చేసి ఏడ్చింది, సంతోషంతో. "నేను పరిచిన మొదటి చీరే తీసుకున్నారుమే" అని మూడుసార్లు చెప్పింది. ఆ పరుపు మీద నాకు అప్పటినుంచే పగ.

ల్యాబ్‌లో పనిచేస్తే పుస్తకాల్లో చదివింది మనుషుల్లో కనబడుతుంది. పై అంతస్తులో వారానికి రెండు రోజులు కూర్చునే ఒక డాక్టరుగారు పీసీఓఎస్ ఉన్న ఆడవాళ్ళకు చక్కెర, కొవ్వు పరీక్షలతో పాటు కొందరికి సీఆర్పీ అనే పరీక్ష కూడా రాసేవారు. అది ఒంట్లో వాపు ఉందా లేదా చెబుతుంది. కాలు బెణికితే వచ్చే వాపు కాదు. పైకి కనబడదు, నొప్పి పుట్టదు. నిప్పు ఆరిపోయిందనుకున్న పొయ్యిలో బూడిద కింద కణిక ఉన్నట్టు, సంవత్సరాల తరబడి సన్నగా రాజుకుంటూ ఉంటుంది. దానికి ఇన్సులిన్ గొడవ తోడై, చెడ్డ కొవ్వు తోడై, రక్తనాళాల లోపలి గోడలు మెల్లగా పాడవుతాయి. అందరికీ గుండె జబ్బు వస్తుందని కాదమ్మా, కానీ వీళ్ళకు ఆ భయం మిగతావాళ్ళ కంటే ఎక్కువ, చిన్న వయసు నుంచే చూసుకుంటూ ఉండాలి అని ఆయన నాకు ఓపిగ్గా చెప్పారు. బిడ్డ పుట్టగానే ఇది పోతుందా అని అడిగాను. ఎందుకు పోతుంది అని ఆయన ఎదురు అడిగారు.

అప్పటినుంచి నా పరీక్షలు నేను చేసుకుంటూ, మాత్రలు వేసుకుంటూ, పొద్దున కొండ దాకా నడుస్తూ ఉన్నాను. అక్కను మాత్రం వదలలేదు. నాయనను చూడడానికి హిందూపురం వెళ్తూ ఒకసారి పెనుకొండలో రైలు దిగింది. పరగడుపున రమ్మని ముందే చెప్పాను కాబట్టి రక్తం తీశాను. తీస్తూ నా పాట నేను పాడాను. పొద్దంతా పరుపు మీద కూర్చుంటే కుదరదు, వచ్చినవాళ్ళతో కలిసి కూల్ డ్రింకులు తాగకూడదు, రోజూ నడవాలి, డాక్టరుకు చూపించుకోవాలి అన్నాను. అక్క సూది గుచ్చిన చోట దూది నొక్కిపట్టుకుని నా వైపు చూసింది.

"నీకేమిమే, మొగుడా, బిడ్డా? పొద్దుగూకులూ నీ ఒళ్ళు నువ్వు చూసుకుంటా కూచోవచ్చు. నాకు సంసారముండాది."

నేను ట్యూబు మీద తన పేరు రాశాను. ఆమె నా గదిలో ఉగ్గాని తిని, మధ్యాహ్నం రైలుకు వెళ్ళిపోయింది. ఆ మాట మాత్రం నా దగ్గరే ఉండిపోయింది.

మూడో రోజు ఫలితాలు వచ్చాయి. చక్కెర గీత దాటడానికి సిద్ధంగా ఉంది. ట్రైగ్లిజరైడ్స్ అనే కొవ్వు దారుణం. సీఆర్పీ ఉండాల్సిన దాని కంటే చాలా పైన. జ్వరమో, ఇన్‌ఫెక్షనో ఉంటే కూడా పెరుగుతుంది కాబట్టి మళ్ళీ ఒకసారి చూడాలి, కానీ మిగతావన్నీ కలిపి చూస్తే ఊరుకోవాల్సిన రిపోర్టు కాదు. పీసీఓఎస్, కాన్పుకు ముందు బీపీ, ఇప్పుడు ఇది. నాకు అన్నీ తెలుసు.

మా ల్యాబ్‌లో పెళ్ళైన ఆడవాళ్ళ రిపోర్టు ఆడవాళ్ళు తీసుకోవడం తక్కువ. రక్తం ఇచ్చి వాళ్ళు వెళ్ళిపోతారు, సాయంత్రం మొగుడో మామో కొడుకో వచ్చి కవరు పట్టుకుపోతాడు. ఎవరూ రాసిపెట్టిన నియమం కాదు, అందరూ పాటిస్తారు. ఆమె ఒంట్లో ఏముందో ఆమెకు ఆఖరున తెలుస్తుంది, అదీ ఆయనకు చెప్పాలనిపిస్తే. దాన్ని తిట్టుకుంటూనే నేనూ అన్నేళ్ళు కవర్లు మగవాళ్ళ చేతికే ఇచ్చాను. అక్క రిపోర్టుకు బావ వచ్చాడు, హిందూపురంలో పని చూసుకుని తిరిగిపోతూ. కారు దిగకుండానే అద్దం దించాడు.

"ఏమ్మా, రెండో కాన్పు సంగతేమన్నా ఉండాదా ఇందులో?"

"అది కాదు బావా. కొవ్వు ఎక్కువుండాది, లోపల వాపుండాది. గుండెకు మంచిది కాదు. డాక్టరుకు చూపీయాల."

"గుండెకా?" అని నవ్వాడు. "ఆ మాట మా అమ్మతో అంటే నన్నే ఆసుపత్రికి పంపిస్తాది. ఆడోళ్ళకు గుండెజబ్బేమిమ్మా?"

కవరు తీసుకుని పక్క సీటు మీద పడేసి వెళ్ళిపోయాడు. ఆ సాయంత్రం నేను అక్కకు ఫోన్ చేయాలి. చేయలేదు. నా చేతిలో ఫోన్ ఉంది, బ్యాలెన్స్ ఉంది, టైముంది. సంసారమున్న మనిషి కదా, ఆ సంసారమే చూసుకోనీ అనుకున్నాను. రెండు రోజులు పోనీ, తనే ఫోన్ చేసి అడగనీ అనుకున్నాను. తను అడగలేదు. నేను చెప్పలేదు. తర్వాత మాట్లాడుకున్నప్పుడల్లా వేరే సంగతులు మాట్లాడుకున్నాం. ఏడాది గడిచిపోయింది.

మాఘమాసం, పెళ్ళిళ్ళ కాలం. గాండ్లపెంట వైపు నుంచి రెండు కార్లలో పెళ్ళివాళ్ళు వచ్చారట. పదిన్నరకు అక్క నుంచి ఫోన్ వచ్చింది. గొంతు తగ్గించి మాట్లాడుతోంది, వెనక ఆడవాళ్ళ మాటలు వినబడుతున్నాయి.

"వీపు నడుమ రాయి పెట్టినట్టుండాదిమే. దవడ గూడా పీకుతాండాది. వాంతి వచ్చేట్టుండాది. గ్యాసుకు ఏం మాత్ర ఏసుకోవాల?"

"చెమట పడతాందా?"

"జాకెట్టంతా తడిసిపోయినాది."

"అక్కా, అది గ్యాసు కాదు. లేసి ఆసుపత్రికి పో. ఇప్పుడే పో."

"చీర పరిచినా కదమే."

"చీరా లేదు, గీరా లేదు. లే!"

"గమ్మునుండు. నాలుగేండ్లు నన్ను లోపలికి పంపిచ్చినారు. ఈ పొద్దు నేనే లేసిపోతే మళ్ళా కూచోబెడతారా? ఒక్క గంటలో అయిపోతాది."

ఫోన్ పెట్టేసింది. బావకు చేశాను. మగ్గాల వాళ్ళ దగ్గరున్నాను, అమ్మ సోడా ఇచ్చిందట, తగ్గిపోతుందిలే అన్నాడు. నేను అరిచాను. పెళ్ళివాళ్ళు పోయినాక చూపిద్దాంలేమ్మా అని పెట్టేశాడు. మళ్ళీ చేస్తే ఎత్తలేదు. అత్తకు చేస్తే, "ఆడదానికి గుండెపోటు యాడొస్తాది? పొద్దున్నించీ ఒక్కపొద్దుండాది, గ్యాసు ఎక్కింటాది. శుభమా అని చీర పరిచినప్పుడు ఏమ్మాటలవి?" అని నన్నే దులిపేసింది.

ల్యాబ్ అలాగే వదిలేసి బస్సెక్కాను. ఆ బస్సు ప్రతి స్టాపులో ఆగింది, చెయ్యెత్తిన ప్రతివాడికీ ఆగింది. డ్రైవరును తిట్టుకున్నాను, బావను తిట్టుకున్నాను, గాండ్లపెంట పెళ్ళికూతురిని, ఆమె పుట్టకముందు నుంచీ ఉన్న ఆ పద్ధతిని తిట్టుకున్నాను. అంబులెన్సుకు ఫోన్ చేసి అంగడి గుర్తులు చెప్పాను. అది నా కంటే ముందే వచ్చిందట. గ్యాసు నొప్పికి అంబులెన్సేమప్పా, పెళ్ళివాళ్ళ ముందు అశుభంగా అని అత్త వాళ్ళను గడప దగ్గరి నుంచే పంపించేసింది.

నేను వెళ్ళేటప్పటికి చీర కొనడం అయిపోయింది. మెరూన్ రంగు చీర, కుంకుమ పెట్టి కవర్లో పెట్టారు. అక్క పరుపు మీద పక్కకు ఒరిగి ఉంది. పెళ్ళికూతురి తల్లి, పాపం, కొంగుతో విసురుతోంది. అత్త నీళ్ళు చల్లుతోంది. చీరకు కుంకుమ పెట్టాకే లేవబోయిందని, లేచీ లేవకముందే పడిందని గుమాస్తా చెప్పాడు. పద్ధతి తప్పలేదు మా అక్క. పెళ్ళివాళ్ళ కారులోనే ఆసుపత్రికి ఎత్తుకుని పోయాం.

ఈసీజీ తీసి, డాక్టరు కాగితం చేతిలో పట్టుకుని, నొప్పి ఎప్పటినుంచి ఉందని అడిగాడు. "ఇప్పుడే సార్" అంది అత్త. గుమాస్తా తలొంచుకుని, "పది గంటల నుంచి సార్" అన్నాడు. అప్పటికి ఒంటి గంట దాటింది. డాక్టరు నర్సును కేకేసి ఇంజెక్షన్ తెప్పించాడు. ఆ తర్వాత అంబులెన్సులో బెంగళూరు. పెనుకొండ దాటుతున్నప్పుడు అక్క చెయ్యి నా చేతిలో చల్లగా ఉంది. ముప్పై తొమ్మిదేళ్ళ మనిషి.

నాళం ఒకటి పూర్తిగా మూసుకుపోయిందన్నారు. స్టెంట్ వేశారు. బతికింది. కానీ అన్ని గంటలు రక్తం అందక గుండె కండ కొంత చచ్చిపోయింది, అది తిరిగి రాదన్నారు. ఇంకో కాన్పు మాట ఎత్తొద్దన్నారు. పాత పరీక్షలేమైనా ఉన్నాయా అని డాక్టరు అడిగితే, బావ గుమాస్తాకు ఫోన్ చేశాడు. అతను అంగడి సొరుగులోంచి నా రిపోర్టు తీసి ఫొటో పంపాడు. కవరు విప్పి కూడా చూడలేదు ఎవరూ, నేను అంటించింది అంటించినట్టే ఉందట. వార్డు బయట నేను బావ మీద విరుచుకుపడ్డాను.

"చదువు రాదా నీకు? చెప్పినా కదా, గుండెకు మంచిది కాదని చెప్పినా కదా! పెండ్లామంటే చీరలు పరిచే మనిషేనా?"

బావ ఫోన్‌లో ఆ ఫొటో వైపే చూశాడు. అత్త కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభమని ఆవిడనూ వదల్లేదు. వచ్చేపోయేవాళ్ళు నిలబడి చూశారు. చూడనీ అనుకున్నాను. ఇరవై ఏళ్ళుగా అనాలనుకున్నవన్నీ ఆ వరండాలో అనేశాను. అంటున్నంతసేపూ నాకు హాయిగా ఉండిందని కూడా ఒప్పుకోవాలి.

నెలన్నర తర్వాత ధర్మవరం వెళ్ళాను. అక్క మేడ మీది గదిలో ఉంది. మెట్లెక్కితే ఆయాసం కాబట్టి కిందికి దిగడం లేదు. కింద అంగడిలో ముహూర్తం చీరలకు బావ పెద్దమ్మ కోడలిని కూర్చోబెడుతున్నారు. ఆ సంగతి తెలిసి నేను మళ్ళీ మొదలుపెట్టాను. వీళ్ళు మనుషులా, రిపోర్టు సొరుగులో పడేసి నిన్ను చంపబోయినారు, ఇప్పుడేమో నీ బదులు ఇంకొకదాన్ని తెచ్చి కూర్చోబెట్టినారు, నాతో వచ్చెయ్ అన్నాను. అక్క మాత్రలు ఒక్కొక్కటే చించి డబ్బాలో వేసుకుంటోంది. చివరిదాకా వినింది.

"ఆ కవరు ఇచ్చేటప్పుడు అందులో ఏముండాదో బావకు తెలుసునా?"

"నేను చెప్పినా కదా."

"కారు కిటికీ దగ్గర నిలబడి చెప్పినావు. ఆయప్పకు అర్థం కాలేదు. అత్తకు అంతకన్నా తెలీదు. అమ్మకు ఎప్పుడూ తెలీదు." మాత్రల డబ్బా మూత పెట్టింది. "నీకు తెలుసును. ఏడాది పొడుగునా నాతో ఫోన్‌లో మాట్లాడినావు."

ఆ రోజు నిన్ను ఒక మాట అన్నాననే కదా చెప్పలేదు అని అడుగుతుందేమో అనుకున్నాను. అడగలేదు. ఆ మాట అన్నట్టే ఆమెకు గుర్తు లేదు. కింద ఎవరో పెళ్ళివాళ్ళు వచ్చినట్టున్నారు, అత్త గొంతు వినబడింది. అక్క అటు వైపు తిరిగి పడుకుంది. నేను ఆరు గంటల బస్సుకు పెనుకొండ వచ్చేశాను.